నెత్తి పొట్టు డైరీ: సెమిలిగుడ చలిలో రెండు తలలు, తొమ్మిది వారాలు

నవంబరు 23, ఆదివారం

ఇవాల్టి నుంచి రాసిపెట్టుకుంటున్నాను. పోయినేడు చలికాలంలో కూడా ఇదే బాధ పడ్డాను, ఎవరేం చెప్తే అది తలకి పట్టించాను, మార్చి ఎండలొచ్చాక దానంతటదే పోయింది, ఏది రాస్తే తగ్గిందో దేనికి పెరిగిందో ఒక్కటీ గుర్తులేదు. ఈసారి అలా కాదు, ఒక్కోటి మార్చి చూస్తాను, రాస్తాను.

మాది సెమిలిగుడ, ఒడిశాలో కోరాపుట్ జిల్లా. పుట్టిల్లు సాలూరు. సాలూరులో ఈ టైముకి ఫ్యాను వేసుకునే పడుకుంటారు, సుంకి ఘాటీ ఎక్కి పొట్టంగి దాటామంటే చలి మొదలు, డిసెంబరు జనవరిలో రాత్రుళ్లు పది డిగ్రీల కింద కూడా పడిపోతుంది. పెళ్లయి వచ్చిన కొత్తలో పెదాలు పగిలేవి, కాళ్లు తెల్లగా గీతలు పడేవి, వాటికి అలవాటు పడిపోయాను గానీ ఈ నెత్తి పొట్టు మాత్రం రెండేళ్ల నుంచే.

ఈసారి ఎక్కువవడానికి కారణం నాకు తెలుసనే అనుకుంటున్నాను. కార్తీకం. మొన్న శుక్రవారం పోలి స్వర్గం దీపాలు వదిలేదాకా నెల రోజులూ తెల్లారగట్ల తలస్నానం, తలకి నూనె రాయకూడదు కాబట్టి చుక్క నూనె లేదు, చన్నీళ్లు పోసుకునే చలి కాదు కాబట్టి హీటర్ రాడ్ పెట్టి పొగలు కక్కే నీళ్లు, దాంతో పాటు రోజు విడిచి రోజు షాంపూ. ముప్ఫై రోజులు.

నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. గురువారం ఒకావిడకి కొలతలు తీస్తూ వంగాను, ఆవిడ నల్ల శాలువా మీద నా తల లోంచి పిండి జల్లినట్టు రాలింది. ఆవిడ ఏమీ అనలేదు, చేత్తో దులుపుకుంది అంతే. ఆ దులుపుకోడం నాకు చాలా బాధనిపించింది.

కొలత ఎలాగంటే, నల్ల లైనింగ్ గుడ్డ ముక్క ఒకటి తీసి మధ్యలో టైలరు సుద్దతో అగ్గిపెట్టె చుట్టూ గీత గీసాను. ఆదివారం పొద్దున్న స్నానానికి ముందు, అదే దువ్వెన, తల వంచి ఆ పెట్టె మీదకి ఇరవై సార్లు దువ్వడం, గీత లోపల పడిన పొట్టు లెక్కపెట్టడం, ఫోన్లో ఫోటో. ఇవాళ నాది 41. మా పాపకి పదమూడేళ్లు, దానికీ పొట్టు ఉంది కాబట్టి దానిదీ చూసాను, 12. తక్కువే కదా అని ఊరుకున్నాను. కానీ ఫోటో పెద్దది చేసి చూస్తే నావి ఉప్పు రవ్వల్లా తెల్లగా సన్నగా ఉన్నాయి, దానివి కొంచెం పసుపు పచ్చగా, పెద్దవి, గుడ్డకి అంటుకుపోయాయి, దులిపితే రాలట్లేదు. దాని సంగతి తరవాత చూద్దాం అనుకున్నాను. (అది తప్పని మూడు వారాల తరవాత గానీ తెలీలేదు, ఈ మాట అప్పుడు చేర్చాను.)

నవంబరు 30

52. పెరిగింది.

చుండ్రు అనే అనుకుని చుండ్రు షాంపూ తెచ్చి వారంలో నాలుగు సార్లు వాడాను. మధ్యలో ఒకసారి నిమ్మకాయ రసం కూడా పిండి నెత్తికి పట్టించాను, మా చిన్నప్పుడు అమ్మమ్మ చేసేది కదా అని. మంట పుట్టింది, పాపిడి దగ్గర ఎర్రగా అయింది, రెండు రోజులు దువ్వెన తగిలితే చురుక్కుమంది. నిమ్మరసం పీహెచ్ (పులుపు కొలిచే అంకె, తగ్గే కొద్దీ పులుపెక్కువ) 2 దగ్గర ఉంటుంది, నెత్తి చర్మానిది 5.5 చుట్టుపక్కల. పుల్లగా ఉంటే మంచిదే గానీ అంత పులుపు కాదు, అందులోనూ ఇప్పటికే పగిలిన చర్మం మీద. మా ఫ్యామిలీ గ్రూపులో ఒక పిన్ని వంట సోడా రుద్దమంది, అది ఇంకోవైపు, క్షారం, నేను చెయ్యలేదు, మీరూ చెయ్యకండి.

పక్కింటి మావుసి (ఇక్కడ పిన్నిని అలా పిలుస్తారు) చూసి, ఇది రూపి కాదమ్మా, చలికి చర్మం ఎండిపోయింది, నీ చేతులు చూసుకో అంది. ఒడియాలో చుండ్రుని రూపి అంటారు. చేతులు చూసుకున్నాను, నిజమే, గోరుతో గీస్తే తెల్ల గీత పడుతోంది. కాళ్లు కూడా అంతే. నెత్తి ఒక్కటే ఎందుకు వేరుగా ఉంటుంది, అదీ చర్మమే కదా, ఇన్నాళ్లూ వెంట్రుకల కిందుంది కాబట్టి దాన్ని జుట్టు సమస్యగానే చూసాను.

ఇంకోటి కూడా గమనించాను. తలస్నానం చేసిన గంటకి నెత్తి బిగుసుకుపోయినట్టు, చర్మం చిన్నదైపోయినట్టు ఉంటోంది. జిడ్డు చుండ్రు అయితే తలస్నానం చేస్తే హాయిగా ఉండాలి, రెండు మూడు రోజులు చెయ్యకపోతే దురద పెరగాలి. నాకు తిరగేసి.

డిసెంబరు 7

ఈ వారం ఒక్కటే మార్చాను, నీళ్ల వేడి. ఇంకేమీ ముట్టుకోలేదు, చుండ్రు షాంపూ మాత్రం ఆపేసి పాతది వాడాను.

వేడి ఎంతో తెలియడానికి ఇంట్లో ఉన్న జ్వరం డిజిటల్ థర్మామీటరు వాడాను. రాడ్ ఆపేసిన బకెట్లో ముంచితే H అని చూపించింది, అంటే అది కొలిచే హద్దు దాటిపోయింది, 42 పైన. నేను రోజూ పోసుకునేది ఆ నీళ్లే! చన్నీళ్లు కలుపుతూ 37, 38 దగ్గరికి తెచ్చి పోసుకుంటే మొదటి రోజు వణికిపోయాను, ఇది స్నానమా అనిపించింది. అప్పుడు చేసిన పనేంటంటే ఒంటికి కొంచెం వేడిగా పోసుకుని తలకి మాత్రం వేరే చెంబుతో గోరువెచ్చవి. బాత్రూం తలుపు కింద గాలి రాకుండా పాత దుప్పటి ముక్క అడ్డం పెట్టాను. దాంతో చలి సగం తగ్గింది, వేడి నీళ్లు కావాలన్న యావ కూడా తగ్గింది.

ఎందుకిలా అంటే నాకర్థమైన వరకు, చర్మం పైపొర గోడ లాంటిది, చచ్చిన కణాలు ఇటుకలు, వాటి మధ్య సున్నం లాగ కొవ్వు ఉంటుంది, సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు. ఆ సున్నమే లోపలి తడిని బయటికి పోనీకుండా ఆపుతుంది. జిడ్డు గిన్నెలు వేడి నీళ్లు సబ్బుతో తోమితే జిడ్డు ఎలా వదులుతుందో నెత్తి మీదా అలాగే వదిలిపోతుంది, ఆపైన చలిగాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఉన్న తడి కూడా లాగేస్తుంది. కణాలు విడివిడిగా ఊడాల్సింది పెళ్లలు పెళ్లలుగా ఊడతాయి, అదే నా నల్ల గుడ్డ మీద పడే పొట్టు.

33. మంచి సంఖ్య కాదు గానీ కిందికి వచ్చింది. ఒక వారంలో ఏమీ తేలదు కూడా, చర్మం పైపొర కిందనుంచి కొత్తది వచ్చి పాతది ఊడిపోడానికి దాదాపు నెల పడుతుంది, అందుకే మూడు రోజులు రాసి లాభం లేదని మానెయ్యడం, ఇంకోటి మొదలెట్టడం అనవసరం. పోయినేడు నేను చేసింది అదే.

డిసెంబరు 14

నాది 22. పాపది 30!!

నా సంగతి ముందు. ఈ వారం షాంపూ మార్చాను. వారానికి రెండే సార్లు, బుధవారం, ఆదివారం. సల్ఫేటు (జిడ్డు బాగా లాగేసే నురగ పదార్థం) లేని మామూలు షాంపూ, సువాసన తక్కువున్నది, చెంచాడు తీసుకుని మగ్గు నీళ్లలో కలిపి నెత్తికి మాత్రమే వేళ్ల కొసలతో రుద్దడం, గోళ్లతో కాదు. జుట్టు పొడుగుకి రుద్దక్కర్లేదు, కడిగేటప్పుడు జారే నురగ చాలు దానికి. తరవాత బాగా కడుక్కోవాలి, నేను ఇదివరకు రెండు చెంబులతో సరిపెట్టేదాన్ని, చెవుల వెనకాల షాంపూ ఉండిపోయి అక్కడే ఎక్కువ దురద వచ్చేది.

ఇక పాప. వారం మొదట్లో మా అత్తయ్యగారు దాని తల చూసి, గుంటకి నూనె లేక ఎండిపోయిందే అని రోజూ సాయంత్రం కొబ్బరినూనె చేరెడు పోసి మాడు మర్దనా చేసి జడ వేసారు, బళ్లో కూడా నూనె తలతోనే. ఆవిడ ప్రేమగా చేసారు, నేనూ వద్దనలేదు, నాకు పొడి కాబట్టి దానికీ పొడే అనుకున్నాను. శుక్రవారానికి చెవుల వెనక, నుదుటి మీద జుట్టు మొదట్లో పచ్చగా అట్టలు కట్టింది, కనుబొమ్మల్లో కూడా పొట్టు. రాత్రి నిద్రలో గోక్కుంటోంది. దిండు గలీబు మీద రక్తం చుక్క చూసాను. అప్పుడు భయమేసింది.

మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు, పేరు చదివితే అందులో బెటామెథాసోన్ ఉంది, అది స్టెరాయిడు, డాక్టరు చెప్పకుండా పిల్ల తలకి రాయనని అక్కడే వెనక్కిచ్చేసాను.

డిసెంబరు 16, మంగళవారం

కోరాపుట్ వెళ్లి చర్మం డాక్టరుకి ఇద్దరం చూపించుకున్నాం. ఈ డైరీ మొత్తంలో నాకు బాగా పనికొచ్చిన అరగంట ఇదే.

ఆయన ముందు పాప తల పాయలు పాయలుగా తీసి లైటున్న అద్దంతో చూసారు. ముందు తామర లేదని చూసుకోవాలి అన్నారు, పిల్లల్లో గుండ్రంగా జుట్టు ఊడిన మచ్చ, అందులో తెగిన వెంట్రుకలు నల్ల చుక్కల్లా కనిపిస్తే అది తామర, దానికి షాంపూలు చాలవు, మాత్రలు మింగాలి, ఇంట్లో వాళ్లకి అంటుతుంది కూడా. పేల గుడ్లు ఉన్నాయేమో చూసారు, ఈపి అయితే వెంట్రుకకి గట్టిగా అంటుకుని ఉంటుంది, వేలితో తోస్తే కదలదు, పొట్టు అయితే జారిపోతుంది. సోరియాసిస్ అయితే మందంగా వెండి రంగు పొలుసులు, జుట్టు గీత దాటి నుదుటి మీదకి వస్తాయి, మోచేతులు మోకాళ్ల మీద కూడా ఉండొచ్చు. ఇవేవీ కాదు. దానిది చుండ్రు, కొంచెం ముదిరిన జిడ్డు చుండ్రు.

పెద్దమనిషయ్యే వయసులో నెత్తి మీద జిడ్డు గ్రంథులు ఎక్కువ పనిచేస్తాయి. మన అందరి తల మీద మలసీజియా అనే ఈస్టు, అంటే కంటికి కనపడని బూజు లాంటిది, ఉంటుంది, 1874లో చుండ్రు పొట్టులో దాన్ని చూసి చెప్పిన మలసే అనే ఫ్రెంచాయన పేరు మీద ఆ పేరొచ్చింది. దాని తిండి కొవ్వే. జిడ్డుని తిని అది వదిలేసే ఆమ్లాలు కొంతమంది చర్మానికి పడవు, దురద, పొట్టు. అంటే మేం రోజూ చేరెడు కొబ్బరినూనె పోసి దానికి భోజనం పెట్టాం. అత్తయ్యగారికి ఈ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు, డాక్టరుగారు చెప్పారు నూనె కొన్నాళ్లు వద్దని అని మాత్రం చెప్పాను, ఆవిడ సరే అమ్మా అన్నారు.

పాపకి ఆ ఈస్టుని అణిచే మందున్న కీటోకోనజోల్ 2% షాంపూ, వారానికి రెండు సార్లు, నాలుగు వారాలు. నెత్తికి పట్టించి అయిదు నిమిషాలు ఉంచి కడగాలి. ఈ అయిదు నిమిషాలే ముఖ్యం, పెట్టిన వెంటనే కడిగేస్తే మందు పనిచేసే టైమే ఉండదు. మిగతా రోజుల్లో కావాలంటే మామూలు షాంపూతో ఇంకోసారి తలస్నానం చేయించొచ్చు, దానికి ఎక్కువ కడగడం మంచిదే.

నాకు సరిగ్గా దీనికి తిరగేసి. తక్కువ కడగాలి, నూనె రాసుకోవచ్చు, కానీ రాత్రంతా కాదు, తలస్నానానికి గంట ముందు. గ్లిజరిన్ ఉన్న తేలిక లోషన్ ఒకటి రాసారు, రాత్రి పాపిడి పాపిడిగా తీసి వేలితో రాసుకోవడానికి. థైరాయిడ్ తక్కువున్నా చర్మం ఇలాగే ఎండుతుందని టీఎస్‌హెచ్ పరీక్ష చేయించారు, నార్మల్.

ఒకే ఇల్లు, ఒకే దువ్వెన, ఒకే బకెట్టు, ఇద్దరికీ చుండ్రే అనుకున్నాం. నాకు దాని వైద్యం చేసుకున్నాను, దానికి నా వైద్యం చేసాను. మొదటి రోజు ఫోటోలోనే తేడా కనిపించింది కదా, పసుపు పచ్చగా అంటుకుపోయింది అని నేనే రాసుకున్నాను. అప్పుడే చూపించాల్సింది. (దువ్వెనలు, తువ్వాళ్లు ఇవాళే వేరు చేసాను.)

డిసెంబరు 21

నాది 15, పాపది 21.

నూనె పరీక్ష. ఇక్కడ మా చుట్టుపక్కల కొండల్లో వలిసెలు వేస్తారు, నవంబరులో పసుపు పూలతో పొలాలు పొలాలు వెలిగిపోతాయి, అరకు వెళ్లినవాళ్లు ఫోటోలు దిగేవి అవే. కుందులి సంతలో గానుగ వలిసె నూనె సీసాలో పోసి అమ్ముతారు, ఇక్కడ దాన్ని అలసి తేలో అంటారు. దాంట్లో లినోలిక్ ఆమ్లం ఎక్కువ, చర్మం గోడకి ఆ ఆమ్లం కావాలి, అందుకని దానిమీద నాకు చాలా ఆశ ఉండేది. పాపిడి మధ్యకి తీసి ఎడమవైపు కొబ్బరినూనె, కుడివైపు వలిసె నూనె, రెండూ చెంచాడు చొప్పున, గంట ముందు. రెండు రోజుల ముందే చెవి వెనక చుక్క రాసి చూసుకున్నాను, ఏమీ అవ్వలేదు.

కొబ్బరినూనె రాయడమే పెద్ద పని ఇక్కడ. 24 డిగ్రీల కింద గడ్డ కడుతుంది, మా సీసా నవంబరులో గడ్డకడితే ఫిబ్రవరి దాకా అంతే. సీసాని వేడినీళ్ల గిన్నెలో పెడితే అంచులు ముందు అద్దంలా అవుతాయి, మధ్యలో తెల్ల ముద్ద తేలుతూ ఉంటుంది, అది వేలంత అయ్యాక తీస్తే సరిపోతుంది, మొత్తం కరిగేదాకా ఆగితే నూనె మరీ వేడెక్కిపోతుంది. నేను ఆ ముద్దనే అరచేతిలో రుద్ది రాసేస్తున్నాను, ఒంటి వేడికే కరిగిపోతుంది.

ఫలితం: ఎడమా కుడీ పొట్టులో తేడా నాకు కనిపించలేదు. వలిసె నూనె వాసన బానే ఉంటుంది, నువ్వుల్లాగ, కానీ ఒకరోజు పనిలో పడి మూడు గంటలు ఉంచేసాను, జిగురుగా అయి ఒక షాంపూకి వదల్లేదు, రెండోసారి రుద్దాల్సొచ్చింది, అంటే మళ్లీ మొదటికే. కూరకి వాడుకుంటున్నాను దాన్ని. మావుసి ఆవనూనె రాయమంది, వాళ్లింట్లో చలికాలం పిల్లలకి ఒళ్లంతా అదే, చెవి వెనక రాస్తే నాకు అయిదు నిమిషాల్లో మంట, ఆపేసాను.

డిసెంబరు 28

11. పాప 9. కనుబొమ్మల్లో పొట్టు పూర్తిగా పోయింది. నిద్రలో గోక్కోవట్లేదు.

జనవరి 4

నాది 8. లోషన్ రోజూ రాత్రి రాస్తున్నాను, పెద్ద పనేం కాదు, నాలుగు పాపిళ్లు, రెండు నిమిషాలు. తలకి తువ్వాలు బిగించి గంటలు గంటలు ఉంచడం మానేసాను, అద్ది వదిలేస్తున్నాను. పడుకునేటప్పుడు ఉన్ని టోపీ నేరుగా కాకుండా లోపల నూలు గుడ్డ కట్టి పెట్టుకుంటున్నాను, ఉన్ని రాపిడికి దురద వస్తోందని ఈ వారమే కనిపెట్టాను.

జనవరి 11

7. పాపది 3. నాలుగు వారాలు అయిపోవస్తున్నాయి, ఆ తరవాత ఆ షాంపూ వారం రెండు వారాలకి ఒకసారి వాడితే తిరగబెట్టకుండా ఉంటుందన్నారు. చుండ్రు పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో ఉంచుకోవాలి, పాపకి ఇది అర్థమయ్యేలా చెప్పాను, వచ్చే ఏడు మళ్లీ వస్తే అది బెంగ పెట్టుకోకూడదు.

జనవరి 18

నాది మళ్లీ 19కి పెరిగింది. కారణం భోగి తలంటు.

సాలూరు వెళ్లాం పండక్కి. భోగి పొద్దున్న మంట దగ్గర కాచిన నీళ్లు, అమ్మ నలుగు పెట్టి కుంకుడుకాయతో తలంటింది. కుంకుడు సహజం కాబట్టి ఏమీ చెయ్యదని మనకొక నమ్మకం, కానీ నురగ వచ్చేదంటే సబ్బు పని చేసేదే, దాంట్లో సాపోనిన్లు ఉంటాయి, చిక్కగా పిసికి పోస్తే జిడ్డంతా లాగేస్తుంది. అమ్మ పదిహేను కాయలు కొట్టి చిక్కటి రసం తీసింది, రెండు సార్లు పోసింది, నీళ్లు వేడివేడిగా. మా అమ్మ చేత తలంటించుకుని ఆరేళ్లయింది. వద్దనలేదు, వద్దని అనను కూడా. సాయంత్రానికి నెత్తి బిగిసింది, కనుమ నాటికి పొట్టు.

ఆదివారం ఇంటికొచ్చి నేనే అయిదు కాయలతో చేసి చూసాను. గింజ తీసి, గోరువెచ్చటి నీళ్లలో గంట నానబెట్టి, పలచగా పిసికి, పంచె గుడ్డలో వడగట్టి, ముందు గంట కొబ్బరినూనె పట్టించి పోసుకుంటే ఏమీ అవ్వలేదు. చిక్కదనం, నీళ్ల వేడి, ఈ రెండే తేడా. కంట్లో పడకుండా చూసుకోవాలి అంతే.

జనవరి 25

నాది 8, పాపది 2.

శాలువా ఆవిడ ఇవాళ రెండో జాకెట్టుకి కొలతలివ్వడానికొచ్చింది, అదే నల్ల శాలువా. వంగి నడుం కొలత తీసాను, చంక కొలత తీసాను, శాలువా మీద ఏమీ పడలేదు, ఆవిడ పిల్ల పెళ్లి గురించి చెప్తూనే ఉంది.

వచ్చే వారం నుంచి లోషన్ రోజు విడిచి రోజు చేసి చూస్తాను, మిగతావన్నీ అలాగే. గుడ్డ మీద సుద్ద గీత చెరిగిపోయింది, అగ్గిపెట్టె పెట్టి మళ్లీ గీసాను.